ఉత్తగా పంపమన్న గిన్నె

మొన్న సోమవారం పొద్దున నేను ఇంటి ముందు నిలబడి పళ్లు తోముకుంటుంటే కామారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. మా వదిన కూతురు.

"చిన్నబాపూ, అమ్మ పోయింది" అన్నది.

"ఎట్ల పోయింది బిడ్డా?"

"చాయ్ తాగిస్తుంటి. రెండు గుక్కలు తాగి, ఇగ సాలు బిడ్డా అన్నది. గంతే."

ఫోన్ జేబులో పెట్టుకుని నోట్లో ఉన్నది ఊశాను. నిజం చెప్తున్నాను, మొదట నాకు ఏడుపు రాలేదు. పెద్ద ఊపిరి వచ్చింది. మెడ మీద కాడి దించినాక ఎద్దు కదలకుండా కాసేపు నిలబడుతుంది చూడండి, అట్లా నిలబడ్డాను. ఏడుపు తరువాత వచ్చింది, మధ్యాహ్నం దాకా ఆగలేదు. అయినా ముందు వచ్చింది ఊపిరే. సొంత అన్న భార్య పోతే ఊపిరి పీల్చుకోవడం ఏమిటని మీరు అడగవచ్చు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను చదివింది రెండో తరగతి. పోయినవాళ్ల కోసం పెట్టే ఆదరణ కూడికలో పంచే చిన్న పుస్తకంలో ఆమె గురించి ఎవరైనా రాయాలని మందిరం పెద్దలు అనుకుంటుంటే, నేనే రాస్తానన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అక్షరాలు దిద్దుకోండి, మాటలు మాత్రం దిద్దొద్దు" అని చెప్పాను. అందుకని తప్పులు లేకుండా ఉంటే అది వాళ్ల పుణ్యం. మొరటుగా ఉంటే అది నేను. మహాతల్లి, దయామయి అని రాయను. ఆమె ఉంటే అటువంటి మాటలు విని నవ్వేది.

మాది ఎల్లారెడ్డి. మా అన్న పసిరికలై, అంటే కామెర్లతో, పోయినప్పుడు వదినకు ఒళ్లో పిల్ల. పుట్టిల్లు పిట్లం. అన్నదమ్ములు బండి కట్టుకుని వచ్చి తీసుకుపోతామంటే పోలేదు. "ఈ ఇంటికి వచ్చిన, ఈడనే ఉంట" అని చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా వాడలో ఆడవాళ్లకు అప్పుడూ బీడీలే, ఇప్పుడూ బీడీలే. తునికాకు తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టుకోవడం, కత్తెరతో కోయడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. అందరూ చేసే పనే. కాని ఆమె చేతిలో అది వేరుగా ఉండేది. ఆకు ఈనె ఎటు పోతుందో ఆమె కళ్లతో చూసేది కాదు, బొటనవేలితో చూసేది. చుట్టిన బీడీని ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్లతో మెల్లగా తిప్పి వినేది. చప్పుడు వస్తే విప్పి మళ్లీ చుట్టేది. చప్పుడు రాకపోతే కట్టలో పెట్టేది. ఎవరితో మాట్లాడుతున్నా, పిల్లకు అన్నం పెడుతున్నా, ఆ చెవి దగ్గరికి తీసుకుపోవడం మానేది కాదు.

నేను కార్ఖానాలో బీడీలు చూసేవాణ్ని. ఆడవాళ్లు కట్టలు తెస్తే ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, వదులుగా ఉన్నది, పొట్టిది, మొన సరిగ్గా ముడవనిది ఏరి పక్కన పడేయడం నా పని. అట్లా పడేసిన బీడీని ఛాట్ అంటారు. ఎన్ని ఛాట్ పోతే అన్ని మళ్లీ చుట్టి తేవాలి. వాడలో నాకున్న మర్యాద అంతా ఆ రెండు వేళ్లలో ఉండేది. నేను వస్తుంటే ఆడవాళ్లు మాటలు ఆపి లేచి నిలబడేవాళ్లు. అది గౌరవం అనుకున్నాను. భయం అని చాలా ఏండ్లకు తెలిసింది.

మా వాడ చివర ఒక రేకుల గది ఉంది. ఇప్పుడు అది మందిరం, అప్పుడు ఒట్టి గదే. ఆదివారం బీడీలు చుట్టే ఆడవాళ్లు కొందరు అక్కడికి యేసు ప్రార్థనకు పోయేవాళ్లు. అన్న పోయిన ఏడాదికి పక్కింటామె వెంట వదిన కూడా పోవడం మొదలుపెట్టింది. నాకు నచ్చలేదు. నన్ను అడగకుండా పోయిందన్నది మొదటి కోపం. దేవుడి సంగతి రెండోది. సరే, మా ఇంట్లో చదువు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే, అక్కడ ఏం జరుగుతుందో చూసొద్దామని ఒకనాడు సాయంత్రం పోయాను. తలుపుకు తాళం ఉంది. గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి.

నా చదువు సంగతి చెప్పాను కదా. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతాను. ఒత్తు వచ్చిందంటే నాకు గుండె దడ. ఒత్తు ఉన్న అక్షరాన్ని ఎన్నడూ చదివేవాణ్ని కాదు, ముందున్నదాన్ని బట్టి ఇది అయి ఉంటుందని అనుకుని దాటిపోయేవాణ్ని. మా. రు. మ. న. అక్కడ ఒత్తు వచ్చింది. నేను అనుకుని దాటాను. మారుమనువు. ఆ తరువాత, కూడికలు. అందరూ రండి.

మారుమనువు అంటే మా దిక్కు, మొగుడు పోయిన ఆడమనిషికి రెండోసారి చేసే పెళ్లి. మారుమనువు కూడికలు, అందరూ రండి! నాకు ఒళ్లు మండిపోయింది. ఈ గదిలో కూర్చోబెట్టి మొగుడు పోయినవాళ్లకు సంబంధాలు కుదురుస్తున్నారని అనుకున్నాను. మళ్లీ పెళ్లి చేసుకోవడం తప్పని ఇప్పుడు అనను. అప్పుడు నాకు మా ఇంటి పరువు తప్ప ఇంకేదీ కనిపించలేదు.

అక్కడి నుంచి సీదా వదిన ఇంటికి పోయాను. వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ముందట పెట్టుకుని కూర్చున్నారు.

"ఎవడు వదినె వాడు?" అన్నాను.

"ఎవలు మర్దీ?"

"ఆ రేకుల గదిల ఎవన్ని చూసుకున్నవో వాడు."

కత్తెరలు అన్నీ ఒక్కసారి ఆగాయి.

"ఎండ దెబ్బ తాకిందా నీకు? కూసో, నీళ్లు తెస్త" అన్నది వదిన.

"నాకేం తాకలె. గోడ మీద గంత పెద్దగ రాసిండ్రు గద, మారుమనువు కూడికలు, అందరు రండి అని! నాకు సదువస్తది వదినె. నా కాడ దాస్తె దాగది."

ఆమె ఒక క్షణం నా ముఖం చూసింది. తరువాత నవ్వింది. ఎట్లా నవ్విందంటే ఒళ్లో చాట పక్కకు జారి తంబాకు అంతా ఒలికిపోయింది.

"మనువు కాదు మర్దీ, మనసు! మారుమనసు. తప్పు తొవ్వల పోయేటోడు ఆగి, తప్పు జేసిన అని ఒప్పుకొని, ఎనుకకు మర్లుడు. గది. నాకు సదువు రాదు గని, ప్రార్థన జేసే అయ్యగారు వారం వారం చెప్తడు, చెవులల్ల వడ్డది."

మిగతా ఆడవాళ్లు ఒకరి వెంట ఒకరు అందుకున్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అన్నా, నీకు గూడ ఒక మారుమనువు చూడుమందామా అయ్యగారిని?" అన్నది.

నా భార్య అప్పుడు బతికే ఉంది.

"నాకు సదువు చెప్తున్నరా మీరు?" అని అరిచి వచ్చేశాను. రోజూ నన్ను చూసి లేచి నిలబడేవాళ్లు, ఆ రోజు కూర్చునే నవ్వారు. అది నాకు ముల్లులా గుచ్చుకుంది.

తెల్లారి ఎవరూ లేని వేళ చూసి మళ్లీ ఆ గోడ దగ్గరికి పోయాను. వేలు పెట్టి చదివాను. న దగ్గర వేలు ఆపి, దాని తరువాతి ఒత్తును నాలుగు సార్లు చూశాను. స్సు. మనస్సు. మారుమనస్సు కూడికలు. వదిన చెప్పిందే నిజం. అప్పుడే తిరిగొచ్చి, "నేనే తప్పు చదివిన వదినె" అంటే అయిపోయేది. మాట చిన్నదే, నవ్వుకుని అందరూ మరిచిపోయేవాళ్లు. నేను అనలేదు. అనకపోగా, చాయ్ హోటల్ దగ్గర ఎవరో అడిగితే, "అవును, అక్కడ మారుమనువులే చేస్తరు, నేను కండ్లార చదివిన" అన్నాను.

ఇది మీకు సాఫ్‌గా చెప్పాలి. ముందు రోజు నేను అన్నది తప్పు చదవడం. తెల్లారి అన్నది అబద్ధం. రెండూ ఒకటి కావు. ఆ తేడా నాకు ఆ రోజే తెలుసు.

మాట వాడ దాటి, ఊరు దాటి, పిట్లం చేరింది. ఆమె పెద్దన్న వచ్చి వాకిట్లో నిలబడి, మంచినీళ్లు కూడా ముట్టకుండా నాలుగు మాటలు అని పోయాడు. ఆ తరువాత ఆమె పుట్టింటికి పోవడం చాలా ఏండ్లు ఆగిపోయింది. నేను మా ఇంటి గోడ అవతల నిలబడి ఆ నాలుగు మాటలూ విన్నాను. బయటికి రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారం నుంచి కార్ఖానాలో ఆమె కట్ట నా ముందుకు వస్తే నా వేళ్లు వేరే మనిషి వేళ్లయ్యేవి. మంచి బీడీలే. చెవి దగ్గర పెట్టుకుని విని మరీ కట్టినవి. పిడికెడు తీసి ఛాట్‌లో పడేసేవాణ్ని. వెనక వరుసలో ఉన్న ఆడవాళ్లకు కూడా తెలుస్తూనే ఉండేది, కాని నాతో అనే ధైర్యం ఎవరికీ లేదు. వదిన ఒక్క మాట అనేది కాదు. ఒక్కసారి మాత్రం అన్నది.

"చేతులు మంచిగ లేనట్టున్నయి మర్దీ ఇయ్యాల."

"అవు, నీ చేతులు మంచిగ లెవ్వు."

"నేను నా చేతులు అనలేదు" అని, ఉత్త చాట చంకలో పెట్టుకుని పోయింది.

ఆ వానాకాలం అంతా అట్లానే నడిచింది. ఆమె అందరి కంటే ఎక్కువ చుట్టేది, అందరి కంటే తక్కువ లెక్కకు వచ్చేది. దసరా అయినాక ఒకనాడు, కార్ఖానా వెనక కూర్చుని, నేను పడేసిన ఆమె బీడీ ఒకటి తీసి ముట్టించాను. ఎందుకు ముట్టించానో తెలియదు. అది మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా కాలింది. మధ్యలో ఆరలేదు, పక్కకు మండలేదు, ఆకు విప్పుకోలేదు. వేళ్లు కాలేదాకా పట్టుకుని కూర్చున్నాను. అటువంటి బీడీ నా నౌకరీ అంతట్లో ఎన్నడూ తాగలేదు. ఆ రోజుతో ఆమె బీడీలు పడేయడం మానేశాను. మానేశాను, అంతే. మానేయడమూ ఒప్పుకోవడమూ ఒకటే అనుకున్నాను.

ఆ ఏడు క్రిస్మస్‌కు మా ఇంటికి ఒక స్టీలు గిన్నె వచ్చింది. మూత తీస్తే సేమియా పాయసం. గిన్నె అంచుకు మా అన్న పేరు చెక్కి ఉంది, వాళ్ల పెండ్లి నాటిది. దాన్ని రెండు చేతులతో అందుకున్నాను. కాని వెంటనే లోపలి మనిషి లేచాడు. మా దిక్కు ఎవరింటి గిన్నె వస్తే దాన్ని ఉత్తగా వాపసు పంపరు. ఏమీ లేకపోతే గుప్పెడు బియ్యమో, ఒక బెల్లం ముక్కో వేసి పంపుతారు. నేను నా భార్యను పిలిచి, "సకినాలు నిండ వెయ్యి, మూత పట్టొద్దు" అన్నాను. ఆమె పంపినదాని కంటే నేను పంపింది ఎక్కువ కనిపించాలి. అప్పుడు నా తల పైకి ఉంటుంది.

ఏటా అదే గిన్నె. ఏటా పాయసంతో వచ్చేది, ఏటా నేను నింపి పంపేవాణ్ని. నువ్వుల ముద్దలు, గారెలు, ఒక ఏడు ఏకంగా నెయ్యి. నా భార్య పోయిన ఏడు కూడా, హోటల్‌లో మిఠాయి కొని నింపి పంపాను. ఒకసారి వదిన గిన్నె అందుకుంటూ అన్నది.

"మర్దీ, ఒక్కసారన్న గిన్నె ఉత్తగ పంపరాదు?"

"మా ఇంట్ల గట్ల నడువది వదినె."

"నీ ఇంట్ల ఏం నడుస్తదో నాకెరికె లేదా? గా ఇంట్ల నీ పెండ్లాం కంటె ముందు నేను బువ్వ వండిన" అని నవ్వింది.

ఆమె మాటలు అట్లా ఉండేవి. పుల్లగా, కాని చేదుగా కాదు. చదువు మాత్రం మందిరంలో పట్టుబట్టి నేర్చుకున్నది. కూతురి పలక మీద అక్షరాలు దిద్దింది. ఒత్తులు నా కంటే బాగా చదివేది. ఒకనాడు నన్ను చూసి పలక ఎత్తి, "దా మర్దీ, ఇందులో మనువు యాడున్నదో చూపెట్టు" అన్నది. నేను వినపడనట్టు పోయాను.

ఏండ్లు గడిచాయి. నాకు కండ్లకు పొర వచ్చి కార్ఖానా మానేశాను. ఇంట్లో ఒక్కణ్నే. ఆదివారం పూట వదినకు మోకాళ్లు పట్టేస్తే, మందిరం దాకా చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం మొదలుపెట్టాను. లోపలికి పోయేవాణ్ని కాదు. బయట చెప్పుల దగ్గర కూర్చునేవాణ్ని. కాని గోడకు చెవులు ఉండకపోయినా నాకు ఉన్నాయి కదా. అయ్యగారు చెప్పేది అంతా వినిపించేది. తప్పిపోయినవాడి వెంట దేవుడే నడిచి వస్తాడని, ఆయన కనికరాన్ని ఎవరూ కష్టపడి సంపాదించలేరని ఆయన చెప్తుంటే నాకు లోపల ఒకటే జవాబు. నేను సంపాదించుకుంటాను. నేను ఎవరి దగ్గరా చెయ్యి చాపినవాణ్ని కాదు.

సంపాదించడానికి దిగాను కూడా. గాలివానకు మందిరం రేకులు లేస్తే పైకెక్కి బిగించింది నేనే, ఆ వయసులో. బోరు మోటరు కాలిపోతే బాగు చేయించాను. వాకిలి ఊడ్చాను. గోడకు సున్నం వేసినప్పుడు, ఆ నీలం అక్షరాలను చెరిపివేయకుండా చుట్టూ జాగ్రత్తగా వేశాను. అందరూ మెచ్చుకున్నారు. మూడేండ్లకు అయ్యగారు నన్ను పిలిచి, "నీళ్లలో దిగుతావా పెద్దాయనా? బాప్తిస్మం తీసుకుంటావా?" అని అడిగాడు. నేను సరేనన్నాను. నాకు హక్కు వచ్చిందనుకున్నాను.

వదినకు చెప్తే సంతోషపడుతుందనుకుని పోయాను. ఆమె బీడీ చుట్టడం ఆపలేదు.

"నీళ్లలకు ఏం పట్టుకపోతున్నవ్ మర్దీ?"

"ఏం పట్టుకపోత? బట్టల జత."

"గంతేనా? రేకులు ఏసింది, మోటరు జేపిచ్చింది, వాకిలి ఊడ్సింది, అవన్ని పట్టుకపోవా?"

"జేసిన గద. జెయ్యలేదా?"

"జేసినవ్. గవన్ని నెత్తిన పెట్టుకొని దిగితె మునుగుతవ్, తేలవు."

"మరి ఏం జెయ్యాలె నేను?" నాకు కోపం వచ్చింది. "చెప్పు, ఏం జెయ్యాల్నో చెప్పు, జేస్త."

అప్పుడు బీడీ చెవి దగ్గర పెట్టుకుని విని, కట్టలో పెట్టి, నా దిక్కు చూసింది.

"ఏం జెయ్యద్దు. జేసింది చెప్పు. నువ్వు ఆ గుమ్మం ముందట ఎప్పుడు చూసినా కూలికి వచ్చినోని లెక్క నిలవడుతవ్. దేవుడు కూలోన్ని పిలుస్తలేడు. చుట్టంగ రా."

ఏం చెప్పాలో నాకు తెలుసు. ఆమెకు తెలుసని కూడా అనుమానం వచ్చింది. "నేనేం జేసిన?" అని లేచి వచ్చేశాను. బాప్తిస్మానికి పోలేదు. మందిరం వాకిలి తొక్కలేదు. ఆ శీతాకాలం క్రిస్మస్ గిన్నె మామూలుగానే వచ్చింది. మొదటిసారి నేను దాన్ని వాపసు పంపలేదు. నింపి పంపడానికి మనసు రాలేదు, ఉత్తగా పంపడానికి చెయ్యి రాలేదు. కడిగి గూట్లో పెట్టాను.

ఇన్నేండ్ల తంబాకు దుమ్ము ఊరకే పోదు. ఆమెకు దమ్ము మొదలైంది, నాలుగడుగులు వేస్తే ఊపిరి ఆడేది కాదు. కూతురు వచ్చి కామారెడ్డి తీసుకుపోయింది. నెల తిరగకముందే ఆసుపత్రిలో వేశారని తెలిసింది. "చిన్నబాపూ, చూడాల్నంటె ఇప్పుడే రా" అన్నది బిడ్డ.

అప్పుడు నాకు పట్టుకున్న భయం చావు భయం కాదు. ఆమె పోతే ఆ మాట చెప్పడానికి ఇంకెవరూ ఉండరు. ఆ మాట ఆమెదే, ఇంకొకరికి ఇవ్వడానికి కుదరదు. నా లోపలే పుచ్చిపోతుంది.

పొద్దున బస్సెక్కాను. ఎల్లారెడ్డిలో ఎక్కినప్పుడు నా దగ్గర ఉన్నది ఒక్క మాట, తప్పయింది అని. లింగంపేట దాటేసరికి దానికి తోకలు మొలిచాయి. నాకు చదువు సరిగ్గా రాక అట్లా చదివాను. అన్న మీది ప్రేమతో కోపం వచ్చింది. పిట్లం దాకా పోతుందని అనుకోలేదు. కార్ఖానాలో పైవాళ్లు గట్టిగా చూడమన్నారు. చివరిది పచ్చి అబద్ధం. కామారెడ్డి బస్టాండులో దిగేసరికి అదొక పెద్ద ఉపన్యాసం అయింది, అందులో తప్పు చేసినవాడు ఎక్కడా కనిపించడు.

ఆమె ముక్కుకు గొట్టం ఉంది. మనిషి సగమైంది. నన్ను చూడగానే, "తిన్నవా?" అన్నది.

"తిన్న" అన్నాను. తినలేదు. అక్కడ కూడా అబద్ధమే మొదట వచ్చింది. స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. "వదినె, గప్పుడు నాకు సదువు సరిగ్గ రాక..." ఆమె కండ్లు మూసుకుంది. ఆగాను. కండ్లు తెరిచింది. "అన్న మీద పాణం గొట్టుకొని..." మళ్లీ కండ్లు మూసుకుంది. కోపంగా కాదు. మంచి బీడీ కానప్పుడు విప్పేది చూడండి, అట్లా. మళ్లీ చుట్టు అన్నట్టు.

నా రెండు చేతులూ మోకాళ్ల మీద ఉన్నాయి. వాటిని చూసుకుంటూ అన్నాను.

"అది మనసు అని నాకు తెల్లారే తెల్సింది వదినె. తెల్సి గూడ మనువే అని ఊరంత చెప్పిన. నీ బీడీలు మంచియే. మంచియని తెల్సే పారేసిన. నేను చెడ్డోన్ని."

ఈసారి ఆమె కండ్లు మూసుకోలేదు. తరువాత ఆమె అన్నది.

"ఎరికె."

"ఎప్పటి సంది?"

"నువ్వు గోడ కాడ వేలు పెట్టి సదువంగ పక్కింటామె చూసింది. నువ్వు ఇల్లు చేరకముందే నాకొచ్చి చెప్పింది."

"మరి ఎందుకు అడగలె? ఇన్నేండ్లు?"

"అడిగితె ఇంకో అబద్దం ఆడుతుంటివి. గది గూడ నీ మీద వడుతుండె" అన్నది. ఊపిరి అందుకోవడానికి ఆగింది. "నీ నోట రావాలె గద."

"మాఫ్ జేస్తవా వదినె?"

అప్పుడు నవ్వింది. చాట జారిపోయేంత నవ్వు కాదు, దాని పిల్ల.

"ఇప్పుడడుగుతున్నవా? ఆ యేడు పండుగకు గిన్నె పంపలేదా నేను? గది ఏందనుకున్నవ్, పాయసమా?"

నేను స్టూలు దగ్గరికి జరుపుకున్నాను.

"ప్రతి యేడు పంపిన. ప్రతి యేడు నువ్వే నింపి మర్లవెట్టినవ్. నేను మాఫీ పంపిస్తె నువ్వు సకినాలు పంపిస్తివి." దగ్గు వచ్చింది. కూతురు నీళ్లు తాగించింది. "ఇగ ఉత్తగ పంపు మర్దీ. సాలు."

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. లోపల ఏదో ముడి విడిపోతే అట్లా ఏడుస్తారు. ఒక నర్సమ్మ వచ్చి, "పేషెంట్ పోయిందా తాతా?" అని అడిగింది. "లేదమ్మా, బతికింది" అన్నాను. నా సంగతే చెప్పాను, ఆమెకు ఏం అర్థమైందో.

క్రైస్తవుడు కావడమంటే పేరు మార్చుకోవడమో, చుట్టాలను వదులుకోవడమో అని నేను అనుకునేవాణ్ని. నా పేరు మా అవ్వ బాపు పెట్టిందే. నా చుట్టాలు నా చుట్టాలే, వాళ్ల పండుగలకు వాళ్ల ఇండ్లకు పోతాను. తరువాత, మంచి పనులు చేసి చేసి ఒక మెట్టు ఎక్కడం అనుకున్నాను. అది కూడా కాదు. మనం ఇంకా అబద్ధం ఆడుతుండగానే మన కోసం ఒక గిన్నె నింపి పంపినవాడు ఉన్నాడు. దాన్ని నింపి వాపసు పంపకుండా, సిగ్గుపడుతూ అయినా తిని, కడిగి, ఉత్త గిన్నెతో ఆయన ముందు నిలబడడం. నేను పెద్ద పెద్ద మాటలు చెప్పలేను. నాకు దక్కినది ఇది. అయ్యగారు దీన్నే కృప అంటాడు. ఆ అక్షరానికి కూడా కింద ఒక సుడి ఉంటుంది, ఈసారి ఊహించి దాటలేదు, నేర్చుకున్నాను.

ఆ ఆదివారమే నిజాంసాగర్ నీళ్లలో దిగాను. ఆ ముందు రోజు చాయ్ హోటల్ దగ్గర, పక్కింటామె ముందు, ఇంకా బతికి ఉన్న ఆ నాటి ఆడవాళ్ల ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. పిట్లంలో వదిన పెద్దన్న ఇప్పుడు బతికి లేడు, ఆయన కొడుకులకు చెప్పాను. నన్ను ఏమీ అనలేదు. అన్నా పడేవాణ్నే. అదేం ధైర్యం కాదు. మాఫీ ముందే చేతిలో ఉంటే చెప్పడం ఎంత సులువో మీకు తెలియదు.

నీళ్లలో నుంచి లేవగానే ఎవరో ఫోన్ నా ముఖం ముందు పెట్టారు. అందులో ఆసుపత్రి మంచం, దిండు మీద వదిన. నా తల నుంచి నీళ్లు కారుతున్నాయి, పంచె ఒంటికి అతుక్కుపోయింది.

"ఏం పట్టుకపోయినవ్?" అన్నది.

"ఏం లేదు వదినె."

"బట్టల జత గూడ మర్షినవా?"

నిజమే, మరిచిపోయాను. ఇద్దరం నవ్వాం. అదే నాతో ఆమె చివరి మాట. సోమవారం కాక మళ్లీ సోమవారం ఆమె పోయింది. అందుకని ఫోన్ వచ్చినప్పుడు ముందు నాకు ఊపిరి వచ్చింది. చెప్పాల్సింది ఆమె చెవిలో పడింది. చెప్పకుండా ఆమెను మట్టిలో పెట్టి ఉంటే, నేను బతికున్నన్ని రోజులూ ఆ మట్టి నా నోట్లో ఉండేది.

ఎల్లారెడ్డికే తెచ్చి సమాధి చేశాం. పిట్లం వాళ్లు అందరూ వచ్చారు, మా ఇంట్లో నీళ్లు తాగారు, అన్నం తిన్నారు.

మూడో నాడు గూట్లో నుంచి గిన్నె తీశాను. పోయిన క్రిస్మస్‌ది, వాపసు పంపనిది. మళ్లీ ఒకసారి తోమి కడిగాను. మా అన్న పేరు మీద వేలు పెట్టి చదివాను. అలవాటు చెడ్డది, గిన్నె పట్టుకున్న చెయ్యి దానంతట అది బియ్యం డబ్బా దిక్కు పోయింది. వెనక్కి తీసుకున్నాను. గుమ్మం దాకా పోయినాక మళ్లీ పోయింది. కనీసం ఒక బెల్లం ముక్క అని అడిగింది. మళ్లీ వెనక్కి తీసుకున్నాను.

వదిన ఇంట్లో కూతురు బట్టలు సర్దుతోంది. మూలన ఆమె చాట, కత్తెర, దారం ఉండ, గోనెసంచిలో ఎండిపోయిన ఆకు అట్లానే ఉన్నాయి. గిన్నెను ఆ చాటలో పెట్టాను. వాకిట్లో బీడీలు చుడుతున్న పక్కింటామె, ఇప్పుడు ఆమె కూడా ముసలిదే, మెడ చాచి చూసింది.

"అయ్యో అన్నా, పోయినోళ్ల ఇంటికి ఉత్త గిన్నె తెస్తరా ఎవలన్న?"

"ఉత్తగనే తెమ్మన్నది" అన్నాను.

ఆమె కత్తెర మళ్లీ నడిచింది. గుమ్మం దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. తంబాకు దుమ్ము పట్టిన చాటలో గిన్నె నోరు తెరుచుకుని ఉంది. అడుగున, కడిగిన నీటి చుక్క ఒకటి ఇంకా ఆరలేదు.